పాత చెత్త గుట్టల మూసివేత: పై కప్పు డిజైన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్ల తరబడి చెత్త పోసి, ఇక చోటు లేకనో నిబంధనలు మారినందుకో మూసేయాల్సి వచ్చిన డంపింగ్ యార్డుల గురించి ఈ ప్రశ్నలు. కొత్త ల్యాండ్‌ఫిల్‌కి అడుగున లైనరు (నీరు కిందికి దిగకుండా పరిచే పొర), ఊటనీటిని లాగే పైపులు ముందే ఉంటాయి. పాత గుట్టకు అవేవీ ఉండవు. పైన మనం వేసే కప్పు మీదే భారమంతా పడుతుంది. మునిసిపల్ ఇంజినీర్లు, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కన్సల్టెంట్లు, గుట్ట పక్కనే కాపురముండేవాళ్లు ఎక్కువగా అడిగేవే ఇక్కడ ఉన్నాయి.

మట్టి పోసి చదును చేసి వదిలేస్తే సరిపోదా?

చూడ్డానికి సరిపోతుంది. వాసన తగ్గుతుంది, కుక్కలూ కాకులూ పోతాయి, ఫొటోలో పచ్చటి కొండలా కనిపిస్తుంది. కానీ వదులుగా పోసిన మట్టి వాననీటిని ఆపదు. ఒక లెక్క వేసి చూడండి. 8 హెక్టార్ల గుట్ట, ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. అందులో 30 శాతం లోపలికి దిగితే 270 మిల్లీమీటర్లు. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరంటే 10 ఘనపు మీటర్లు. మొత్తం 21,600 ఘనపు మీటర్లు, అంటే ఏటా 2 కోట్ల 16 లక్షల లీటర్ల నీరు చెత్తలోంచి దిగి, నల్లటి ఊటగా మారి భూగర్భజలంలో కలుస్తుంది. ఇంజినీర్లు లీచేట్ అనేది దీన్నే. కప్పు సరిగ్గా కుదిరి ఆ 30 శాతం 5కి తగ్గితే లెక్క 3,600 ఘనపు మీటర్లకు పడిపోతుంది.

కప్పు చేయాల్సిన పనులు మూడు. వాననీటిని లోపలికి పోనివ్వకూడదు, చెత్త కుళ్లి పుట్టే గ్యాస్‌ని దాని ఇష్టమొచ్చిన దారిన పోనివ్వకూడదు, తాను జారిపోకుండా కోసుకుపోకుండా నిలబడాలి. డ్రాయింగుల్లో మొదటి రెండూ ఘనంగా కనిపిస్తాయి. కప్పులు దెబ్బతినేది మాత్రం ఎక్కువగా మూడోదాని దగ్గరే.

అడుగున లైనరే లేనప్పుడు పైన కప్పు వేసి ఏం లాభం?

లాభం ఉంది, ఒక షరతు మీద. చెత్త అడుగు భాగం భూగర్భజల మట్టానికి పైన ఉండాలి. అలా ఉంటే లోపలికి నీరు వచ్చే దారి వాన ఒక్కటే. దాన్ని ఆపితే ఊట తగ్గుతుంది. చెత్తను పాత క్వారీ గుంతలోనో చెరువు శిఖంలోనో పోసి ఉంటే కథ వేరు. నీరు పక్కల నుంచి, కింద నుంచి వచ్చి చెత్తను తడుపుతూనే ఉంటుంది. పైన ఎంత ఖరీదైన పొర పరిచినా ఆ తడి ఆగదు. అలాంటి చోట ఎగువ వైపున నీటిని అడ్డుకునే గోడ కట్టడమో, బావులు వేసి నీటి మట్టాన్ని దించడమో కప్పుతో పాటు చేయాలి. ఒక్కోసారి కప్పుకన్నా ముందే చేయాలి.

అందుకే గుట్ట లోపలా చుట్టూరా నీటి మట్టం చూసే గొట్టపు బావులు వేసి, కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం రీడింగులు తీయకుండా కప్పు రకం ఖరారు చేయొద్దు. ఆ రీడింగులు లేకుండా వచ్చిన డిజైన్ రిపోర్టును నేనైతే మొదటి పేజీ దగ్గరే పక్కన పెడతాను.

డిజైన్ మొదలుపెట్టే ముందు ఇంకేం తెలుసుకోవాలి?

గుట్ట ఆకారం: డ్రోన్ సర్వేతో రోజుల్లో వచ్చేస్తుంది. చెత్త లోతు, వయసు: బోర్లు వేయాలి, కొన్నిచోట్ల జేసీబీతో గుంతలు తవ్వి కళ్లారా చూడాలి. పది పదిహేనేళ్లనాటి చెత్తలో ఇంకా కూరగాయల వాసన వస్తోందంటే లోపల గ్యాస్ పుడుతూనే ఉన్నట్టు. నల్లగా మట్టిలా పొడిపొడిగా వస్తే చాలా భాగం కుళ్లిపోయినట్టు. గుంత తవ్వేటప్పుడు గ్యాస్ మీటరు చేతిలో లేకుండా ఎవరూ దిగకూడదు. మీథేన్ అంటుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ ఊపిరి ఆడనివ్వదు.

ఇక అందరూ తేలిగ్గా తీసుకునేది మట్టి. కప్పుకు కావాల్సిన బంకమట్టి, ఇసుక, పైమట్టి దగ్గర్లో ఎక్కడ, ఎంత దొరుకుతాయో ముందే తేల్చుకోవాలి. 8 హెక్టార్ల మీద 1.2 మీటర్ల మందం అంటే దాదాపు 96,000 ఘనపు మీటర్లు. అంత మట్టి లేదని టెండరు అయ్యాక తెలిస్తే, కాంట్రాక్టరు దొరికిన మట్టే తెచ్చి పోస్తాడు.

కప్పులో ఏయే పొరలు ఉంటాయి?

కింద నుంచి పైకి వెళ్దాం. చెత్త మీద ముందు పునాది పొర. 30 నుంచి 60 సెంటీమీటర్ల మట్టి లేదా మెత్తటి కట్టడ వ్యర్థాలు పోసి, వాలు సరిచేసి, రోలరు తిరగడానికి గట్టి నేల చేస్తారు. దాని మీద గ్యాస్‌ని పోగుచేసే కంకర లేదా ఇసుక పొర, అందులో చిల్లుల పైపులు. ఆ పైన అడ్డు పొర: బంకమట్టి, జియోమెంబ్రేన్ (ప్లాస్టిక్ షీటు), లేదా రెండూ. దాని మీద డ్రెయినేజీ పొర. అడ్డు పొర దాకా దిగిన నీటిని అక్కడే పట్టుకుని పక్కకు తీసుకెళ్లడం దీని పని. పైన వేళ్లు పాకే మట్టి, చివరగా సారవంతమైన పైమట్టి, గడ్డి.

ఇసుకలోకి పైమట్టి దిగిపోకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ వడపోత గుడ్డ ఉండాలి. ఇది పెట్టని చోట రెండు మూడు వానాకాలాల్లో డ్రెయినేజీ పొర మట్టితో నిండిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో వాలు గురించిన ప్రశ్నలో చెప్పుకుందాం.

అన్ని గుట్టలకూ అన్ని పొరలూ అక్కర్లేదు. గ్యాస్ దాదాపు ఆగిపోయిన చిన్న గుట్టకు ప్రత్యేకంగా గ్యాస్ పొర దండగ.

నిబంధనలు ఎంత మందం అడుగుతాయి?

దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశపు 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో 60 సెంటీమీటర్ల బంకమట్టి లేదా మెరుగుపరిచిన మట్టి, దాని మీద 15 సెంటీమీటర్ల డ్రెయినేజీ పొర, ఆ పైన మొక్కల కోసం 45 సెంటీమీటర్ల మట్టి అని రాశారు. బంకమట్టి గుండా నీరు దిగే వేగం సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు మించకూడదన్నారు. అమెరికా కనీస ప్రమాణంలో సుమారు 45 సెంటీమీటర్ల అడ్డు పొర, దాని మీద 15 సెంటీమీటర్ల పైమట్టి. వేగం లక్షో వంతు దాకా ఒప్పుకుంటారు, అడుగున అంతకన్నా మంచి లైనరు ఉంటే కప్పు కూడా దానికి తీసిపోకూడదు. యూరప్ 1999 ల్యాండ్‌ఫిల్ డైరెక్టివ్ డ్రెయినేజీ పొర అర మీటరుకు పైగా, పైమట్టి మీటరుకు పైగా ఉండాలని సూచిస్తుంది.

ఈ అంకెల్లో తేడా చిన్నది కాదు. కోటో వంతు వేగమంటే, పైన ఏడాదంతా నీరు నిలిచి ఉన్నా పొర గుండా దిగేది దాదాపు 31 మిల్లీమీటర్లే. లక్షో వంతు అంటే దానికి వందరెట్లు, 3 మీటర్లకు పైనే. అంత వాన చాలాచోట్ల ఏడాది మొత్తం కురవదు. కాబట్టి లక్షో వంతు మట్టి తనంతట తాను నీటిని ఆపేది తక్కువ. అక్కడ నీటిని నిజంగా తగ్గించేది వాలు, గడ్డి, ఎండ. నిబంధనలో ఉన్న మందం వేసేశాం కదా అని ఊరుకుంటే సరిపోకపోవడానికి కారణం ఇదే. ఆ అంకెలు కనీసపు హద్దులు, అంతే.

బంకమట్టి మంచిదా, జియోమెంబ్రేన్ మంచిదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. కాస్త వివరంగా చెప్పాలి.

బంకమట్టి పాతదే, నమ్మకమైనదే. మందం ఎక్కువ కాబట్టి చిన్న లోపాలు కలిసిపోతాయి. ఒక రాయి గుచ్చుకున్నంత మాత్రాన పాడవదు. కానీ దాని శత్రువు ఎండ. జర్మనీలో హాంబర్గ్ నగరంలోని గెయోర్గ్‌స్‌వెర్డర్ అనే పాత చెత్త గుట్ట మీద 1980ల చివర్లో పరీక్షా మడులు కట్టి, ఏ కప్పు గుండా ఎంత నీరు దిగుతుందో ఏళ్ల తరబడి కొలిచారు. ఒట్టి బంకమట్టి పొర మొదట్లో బాగానే పనిచేసింది. కొన్నేళ్లకు పొడి వేసవుల్లో ఎండి బీటలు వారింది. వేళ్లు అందులోకి దిగాయి. ఆ తర్వాత వానలు పడ్డా బీటలు పూర్తిగా పూడలేదు, నీరు దిగడం బాగా పెరిగింది. అదే మట్టి మీద ప్లాస్టిక్ మెంబ్రేన్ పరిచిన మడులు మాత్రం చాలా తక్కువ నీటినే వదిలాయి. చల్లగా తేమగా ఉండే హాంబర్గ్‌లోనే ఇలా జరిగితే, ఆరేడు నెలలు ఎండే ప్రాంతాల సంగతి వేరే చెప్పాలా? ఒట్టి బంకమట్టి మీద 45 సెంటీమీటర్ల మట్టి పోసి అది ఎప్పటికీ తడిగా ఉంటుందనుకోవడం అత్యాశ.

జియోమెంబ్రేన్ చిల్లు పడనంత వరకు నీటిని దాదాపు పూర్తిగా ఆపుతుంది. అడుగు లైనరుకి గట్టి పాలిథిన్ రకమైన 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ఎక్కువగా వాడతారు. కప్పుకు అదే పాలిథిన్‌లో సాగే గుణం ఎక్కువున్న ఎల్‌ఎల్‌డీపీఈ నయం. కింద చెత్త అక్కడక్కడా కుంగుతుంది, షీటు దానితో పాటు సాగాలి. గట్టి హెచ్‌డీపీఈ అలాంటి చోట ఒత్తిడికి లోనై అతుకుల దగ్గర చిట్లే ప్రమాదం ఉంది. షీటు పరిచేటప్పుడు పడే చిల్లులకన్నా, దాని మీద మట్టి పోసే డోజరు చేసే చిల్లులే పెద్దవి. మట్టి పరిచాక కరెంటు పద్ధతిలో చిల్లులు వెతికే సర్వే చేయించడం డబ్బు దండగ అనిపిస్తుంది. చేయించిన ప్రతిసారీ ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటుంది.

మూడో రకం జీసీఎల్. రెండు జియోటెక్స్‌టైల్ గుడ్డల మధ్య బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) పొడి. తేలిగ్గా పరచొచ్చు, బంకమట్టి దొరకని చోట ఉపయోగం. అయితే పైమట్టిలోని కాల్షియం బెంటొనైట్‌లోని సోడియం స్థానంలోకి చేరుతుంది. పైగా తడిసి ఎండి తడిసి ఎండితే ఉబ్బే గుణం పోయి నీరు వదిలేస్తుంది. పైన పలచటి మట్టి ఉన్న జీసీఎల్‌ని ఒంటరిగా నమ్మకండి. దాని మీద జియోమెంబ్రేన్ ఉంటే ఈ బెడద చాలా వరకు ఉండదు.

నా మాట అడిగితే: వానలు బాగా పడే చోట, గ్యాస్ ఇంకా వస్తున్న గుట్టకు, మట్టి మీద మెంబ్రేన్ కలిపి వేయండి. ఒట్టి బంకమట్టి వేయక తప్పకపోతే దాని మీద కనీసం మీటరు మట్టి ఉండేలా చూడండి.

లైనరు అసలు లేకుండా మట్టీ మొక్కలతోనే నీటిని ఆపొచ్చంటారు. నిజమేనా?

పొడి ప్రాంతాల్లో నిజమే. మందంగా మట్టి పోసి, వాన పడినప్పుడు అది నీటిని దాచుకుని, తర్వాత మొక్కలు ఆ నీటిని పీల్చి గాల్లోకి వదిలేలా చేస్తారు. 1990ల చివర్లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చేపట్టిన ఏసీఏపీ కార్యక్రమంలో వేర్వేరు వాతావరణాల్లో ఇలాంటి కప్పుల కింద పెద్ద తొట్లు పెట్టి, దిగిన నీటిని కొలిచారు. పొడి చోట్ల బాగా నెగ్గాయి, తడి చోట్ల అంతగా కాదు.

లెక్క తేలికే. మట్టి పట్టుకోగల నీటి శాతంలోంచి, వేళ్లు పీల్చలేక వదిలేసే శాతం తీసేయండి. ఉదాహరణకు 30 లోంచి 12 పోతే 18. మీటరు మందానికి 180 మిల్లీమీటర్ల నీరు దాచుకుంటుంది. వాన ఏడాది పొడుగునా చినుకు చినుకుగా పడే చోట ఇది చాలు. రెండు మూడు నెలల్లో 700, 800 మిల్లీమీటర్లు కుండపోతగా పడే రుతుపవన వాతావరణంలో ఆ 180 మొదటి కొద్ది వారాల్లోనే నిండిపోతుంది. ఆ తర్వాత పడేదంతా కిందికే. నీటి లెక్కల కోసం వాడే హెల్ప్ అనే ప్రోగ్రాం రోజువారీ వాన అంకెలతో నడుస్తుంది. దానికి సగటు వాన ఇచ్చి సంతృప్తి పడకుండా, మీ దగ్గరి వాతావరణ కేంద్రంలో నమోదైన అతి తడి సంవత్సరం ఇచ్చి చూడండి.

వాలు ఎంత ఉండాలి?

పైన చదునుగా కనిపించే భాగానికి కూడా 3 నుంచి 5 శాతం వాలు ఇవ్వాలి. ఈ రోజు 2 శాతం ఇస్తే, గుట్ట కుంగాక కొన్నిచోట్ల అది ఎదురు వాలు అవుతుంది, నీళ్లు మడుగు కడతాయి. పక్క వాలులు నిలువు 1కి అడ్డం 3 కన్నా నిటారుగా లేకుంటే మంచిది. పాత గుట్టలు చాలా నిటారుగా ఉంటాయి కాబట్టి ముందు చెత్తను సర్ది వాలు తగ్గించాలి. ఇది ఖర్చు, పైగా వాసన. కానీ తప్పించుకునే దారి లేదు. 2005లో ఇండోనేషియాలోని లెయువిగజాలో, 2017లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలోని కోషెలో చెత్త గుట్టలు విరిగిపడి ఒక్కోచోట వందమందికి పైగా చనిపోయారు.

గుట్ట మొత్తం నిలబడ్డా, పైన వేసిన పలచటి కప్పు విడిగా జారొచ్చు. ఒక చిన్న లెక్క చూస్తే అర్థమవుతుంది. 1కి 3 వాలు అంటే సుమారు 18.4 డిగ్రీలు, దాని టాంజెంట్ 0.33. పొరల మధ్య ఒరిపిడి కోణం 25 డిగ్రీలైతే టాంజెంట్ 0.47. భాగిస్తే భద్రతా గుణకం (నిలబెట్టే బలానికీ జార్చే బలానికీ ఉన్న నిష్పత్తి) 1.4. ఎక్కువమంది కోరే 1.5కి కొంచెం తక్కువ. ఇప్పుడు డ్రెయినేజీ పొర పూడుకుపోయి మట్టి మొత్తం నీటితో నిండిందనుకోండి. నీళ్లు వాలు వెంబడే పారుతుంటే, పొరను నొక్కిపట్టే బరువు దాదాపు సగమవుతుంది, కిందికి లాగే బరువు మాత్రం తగ్గదు. గుణకం 0.7కి పడిపోతుంది. అంటే జారిపోయినట్టే. ఎండాకాలంలో నిక్షేపంగా ఉన్న కప్పు మొదటి పెద్ద వానకు గడ్డితో సహా దుప్పటిలా కిందికి జారడం వెనక ఉన్నది ఇదే లెక్క.

నున్నటి జియోమెంబ్రేన్ మీద జియోటెక్స్‌టైల్ పెడితే ఒరిపిడి కోణం 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. 1కి 3 వాలు మీద అది పొడిగా ఉన్నప్పుడే జారుతుంది. గరుకు షీటు తప్పనిసరి. 1988లో కాలిఫోర్నియాలోని కెటిల్‌మన్ హిల్స్‌లో లైనరు పొరల మధ్యే చెత్త మొత్తం జారింది. అది అడుగు లైనరే అయినా పాఠం కప్పుకూ ఒకటే. పుస్తకంలోని కోణం తీసుకోకుండా, మీరు కొనే షీటు, మీరు పోసే మట్టి పెట్టి ల్యాబులో పరీక్ష చేయించండి.

ఇక డ్రెయినేజీ పొర వాలు కింద ఎక్కడ బయటికొస్తుందో ఆ చివర చూడండి. డ్రాయింగులో బాణం గుర్తు పెట్టి వదిలేసేది అక్కడే. ఆ చివర పైమట్టి కప్పేసినా, రోడ్డు వేసేటప్పుడు మూసేసినా పొర అంతా నీటి తొట్టి అవుతుంది. పాదం దగ్గర రాళ్ల కట్ట, పైపు, బయటికి కనిపించే నోరు ఉండాలి. వానాకాలంలో ఆ నోట్లోంచి నీరు కారుతోందా లేదా అని వెళ్లి చూసేలా ఉండాలి.

గుట్ట కుంగిపోతూనే ఉంటుంది కదా, ఎప్పుడు కప్పాలి?

చెత్త కుళ్లే కొద్దీ కుంగుతుంది. ఎత్తులో 5 నుంచి 30 శాతం దాకా పోవచ్చు. 20 మీటర్ల గుట్ట 15 శాతం కుంగితే 3 మీటర్లు. అంతా ఒకేలా కుంగితే చింత లేదు. ఒకచోట కట్టడాల శిథిలాలు, పక్కన ఒట్టి తడి చెత్త ఉంటే ఆ రెంటి మధ్య కప్పు చీలుతుంది.

చెత్త పోయడం ఈ మధ్యే ఆపితే ఖరీదైన కప్పు వెంటనే వేయకండి. ముందు తాత్కాలికంగా మట్టి పోసి, గ్యాస్ లాగుతూ, గుట్ట మీద గుర్తు రాళ్లు పాతి కొన్నేళ్లు మట్టం కొలవండి. కుంగుడు మందగించాక అసలు కప్పు వేయండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. గాలి చొరబడకుండా మూసి పొడిగా ఉంచితే కుళ్లడం ఆగిపోతుంది. ఎప్పుడో కప్పు చీలి నీరు దిగిన రోజున అది మళ్లీ మొదలవుతుంది. అందుకే ముందు నీరు పోసి కొంత కుళ్లనిచ్చి తర్వాత మూయాలనేవాళ్లున్నారు, వెంటనే మూసేయాలనేవాళ్లూ ఉన్నారు. అడుగు లైనరు లేని పాత గుట్ట విషయంలో నేను రెండోవాళ్ల వైపే: అసలు కప్పు కుంగుడు మందగించాకే అయినా, వానను తగ్గించే తాత్కాలిక మట్టి మాత్రం వెంటనే పడాలి. కుళ్లనివ్వడానికి పోసే నీరు నేరుగా పక్కవాళ్ల బావుల్లోకి పోతుంది.

కప్పు వేశాక గ్యాస్ ఏమవుతుంది?

పైకి దారి మూసేస్తే పక్కకు వెళ్తుంది. ఇంగ్లండ్‌లోని లోస్కోలో 1986 మార్చి 24న ఇదే జరిగింది. పాత చెత్త గుంత నుంచి రాళ్ల పొరల గుండా పాకిన గ్యాస్ ఒక ఇంట్లో చేరి పేలింది. ఇల్లు నేలమట్టమైంది, అందులోని ముగ్గురు గాయపడ్డారు. ఆ రోజు గాలి పీడనం వేగంగా పడిపోయింది. బయట పీడనం తగ్గితే లోపలున్న గ్యాస్ ఎక్కువగా బయటికి తన్నుకొస్తుంది. తుపాను ముందు రోజుల్లో రీడింగులు తీయమనేది అందుకే. ఎండ కాసే ప్రశాంతమైన రోజు తీసిన రీడింగు చూసి నిశ్చింతగా ఉండలేం.

చెత్త గ్యాస్‌లో మీథేన్ సుమారు సగం, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలితే పేలుతుంది. కాబట్టి మెంబ్రేన్ వేసిన ప్రతి గుట్టకూ గ్యాస్ పోగుచేసే పొర, బయటికి పోయే దారి తప్పనిసరి. లేకుంటే మెంబ్రేన్ బుడగలా ఉబ్బడమో, వాలు మీద పొరల మధ్య పట్టు సడలడమో జరుగుతుంది. గ్యాస్ బాగా వస్తుంటే పంపులతో లాగి కాల్చాలి, లేదా కరెంటుకు వాడాలి. మరీ గట్టిగా లాగితే కప్పులోని సందుల్లోంచి గాలి లోపలికి పోయి గుట్ట లోపలే నిప్పు రాజుకుంటుంది. గ్యాస్ లాగే బావుల్లో ఆక్సిజన్, నైట్రోజన్ పెరుగుతున్నా, గ్యాస్ వేడి 55 డిగ్రీలు దాటుతున్నా లాగడం తగ్గించండి.

చుట్టుపక్కల వాళ్లకు ఒక గుర్తు: గడ్డి మధ్యలో గుండ్రంగా పసుపు పచ్చగా మారి చచ్చిపోయిన మచ్చలు కనిపిస్తే, అక్కడ గ్యాస్ వేళ్లకు ఆక్సిజన్ అందకుండా చేస్తోందని అనుమానించాలి. ఇంటి పునాదుల దగ్గర అలాంటి మచ్చ కనిపిస్తే తక్షణం చెప్పండి.

గ్యాస్ చాలా తక్కువ వస్తోంది. పంపులు పెట్టడం దండగ కదా?

అవును. దాని బదులు మీథేన్‌ని తినే బాక్టీరియా పెరిగేలా పైమట్టి డిజైన్ చేయొచ్చు. కింద కంకర పొర గ్యాస్‌ని అంతటా సమంగా పంచాలి. దాని మీద మీటరు దాకా వదులైన మట్టి, బాగా మాగిన కంపోస్టు. బాక్టీరియాకి గాలి, తేమ, వేడి కావాలి. 25 నుంచి 35 డిగ్రీల మధ్య హుషారుగా ఉంటాయి. చలి దేశాల్లో శీతాకాలం వీటికి ఇబ్బందే, వెచ్చటి చోట్ల ఎండిపోకుండా చూసుకుంటే చాలు. పచ్చి కంపోస్టు వేస్తే అదే ఆక్సిజన్ అంతా తినేస్తుంది.

ఇక్కడొక తిరకాసు ఉంది. అడ్డు పొరను ఎంత అణిస్తే అంత మంచిది. పైమట్టిని ఎంత అణిస్తే అంత చెడ్డది. ఒకే కాంట్రాక్టరు, ఒకే రోలరు. చివర్లో నున్నగా కనిపించాలని పైమట్టి మీద కూడా రోలరు తిప్పేస్తాడు. గడ్డి రాదు, బాక్టీరియా పెరగవు, వానకు మట్టి కోసుకుపోతుంది. పైమట్టి మీద రోలరు తిప్పకూడదని స్పెసిఫికేషన్‌లో విడిగా ఒక వాక్యం రాయండి.

చెట్లు నాటొచ్చా?

మట్టి మందం మీటరున్నరకు తగ్గకుండా ఉంటే, మెంబ్రేన్ ఉంటే, పొదలూ చిన్న చెట్లూ ఫరవాలేదు. వేళ్లు ఎక్కువగా పై మీటరులోనే ఉంటాయి, గట్టి మెంబ్రేన్‌ని తొలుచుకుపోవడం అరుదు. గాలివానకు చెట్టు వేళ్లతో సహా పడిపోయి గుంత చేయడమే అసలు ప్రమాదం. ఒట్టి బంకమట్టి కప్పు మీద మాత్రం చెట్లు వద్దు. మొదటి రెండేళ్లు త్వరగా నేలను కప్పే గడ్డి ముఖ్యం.

పైన పార్కు, సోలార్ ప్లాంటు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. న్యూయార్క్‌లోని ఫ్రెష్ కిల్స్ 2001 మార్చి దాకా నగరం చెత్త మోసి, కప్పు వేశాక సుమారు 2,200 ఎకరాల పార్కుగా దశలవారీగా మారుతోంది. సోలార్ ప్యానెళ్లకు కాంక్రీటు దిమ్మెల మీద నిలబడే స్టాండ్లు వాడాలి. నేలలో గుంజలు పాతితే మెంబ్రేన్‌కి చిల్లే. ప్యానెళ్ల అంచు నుంచి ధార కట్టే నీరు ఒకే గీతలో పడి మట్టిని కోస్తుంది, అక్కడ కంకర పట్టీ వేయండి. గదులు, మూసి ఉన్న షెడ్లు మాత్రం వద్దు. గ్యాస్ చేరడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

కట్టేటప్పుడు సైట్‌లో ఏం గమనించాలి?

బంకమట్టిని అణచినప్పుడు 15 సెంటీమీటర్ల పొరలుగా, అనుకూల తేమకన్నా (మట్టి బాగా గట్టిగా అణిగే తేమ) 2 నుంచి 4 శాతం ఎక్కువ తడితో వేయాలి. ఎండు గడ్డలు కనిపిస్తే వెనక్కి పంపండి. రెండు గడ్డల మధ్య సందుల్లోంచే నీరు దిగుతుంది. పొరకూ పొరకూ మధ్య పైభాగాన్ని గీకి గరుకు చేయాలి. సాయంత్రానికి వేసిన పొరను అలాగే వదిలేస్తే మర్నాడు మధ్యాహ్నానికి నెర్రెలు వస్తాయి, పట్టా కప్పండి. మెత్తటి చెత్త మీద రోలరు ఊగుతుంటే పునాది పొర చాలలేదని అర్థం. అలాంటప్పుడు పాసుల సంఖ్య పెంచి లాభం లేదు.

అసలు పనికి ముందు చిన్న పరీక్షా మడి కట్టి, అదే మట్టి, అదే రోలరుతో వేసి, పైన నీళ్లు పెట్టి కొలవండి. ల్యాబులో కోటో వంతు వచ్చిన మట్టి సైట్‌లో లక్షో వంతు రావడం కొత్తేమీ కాదు.

ఎన్నాళ్లు చూసుకోవాలి?

భారత 2016 నియమాల్లో 15 ఏళ్లు, అమెరికాలో 30 ఏళ్లు. యూరప్‌లో కనీసం 30 ఏళ్ల ఖర్చును చెత్త పోసే రుసుములోనే కలపాలి. గుట్టకు ఈ గడువులు తెలియవు కాబట్టి, ఎవరూ సరిగ్గా పట్టించుకోని ఇరవయ్యో ఏడు ఎలా ఉంటుందో ఊహించి డిజైన్ చేయండి. పంపు మీద ఆధారపడే పరిష్కారం, వాలు మీద ఆధారపడే పరిష్కారం రెండూ ఉంటే వాలునే ఎంచుకోండి.

మొదటి వానాకాలం ప్రతి పెద్ద వాన తర్వాతా, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు నడిచి చూడాలి. మడుగులు, బీటలు, కోతలు, ఎలుకల బొరియలు, చచ్చిన గడ్డి, పూడుకున్న కాలువలు. చిన్న కోత కనిపించిన వారంలోనే పూడ్చేస్తే రెండు తట్టల మట్టి. మరుసటి ఏడాదికి వదిలేస్తే టిప్పర్లు కావాలి.

కప్పే బదులు తవ్వి తీసేయకూడదా?

చిన్న గుట్టకు, చెత్త నీటిలో మునిగి ఉన్న గుట్టకు, ఊరి మధ్య ఖరీదైన స్థలానికి తవ్వి జల్లెడ పట్టి వేరు చేయడమే మేలు కావచ్చు. కానీ జల్లెడ పట్టాక మిగిలే సన్నటి మట్టిలో లోహాలు, ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. పరీక్షించకుండా పొలాలకు వాడకూడదు. కాల్చాల్సినవి, మళ్లీ పూడ్చాల్సినవి ఎక్కడికి వెళ్తాయో ముందే తేలకపోతే ఒక గుట్ట రెండు గుట్టలవుతుంది. పెద్ద, లోతైన గుట్టల్లో ఎక్కువ వాటికి కప్పే దారి.

కప్పు వేశాక ఊటనీరు ఎప్పటికి తగ్గుతుంది?

వెంటనే తగ్గదు. చెత్త అప్పటికే తాగిన నీరు ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది. గుట్ట పొడవు, లోతును బట్టి కొన్ని గుట్టల్లో రెండు మూడేళ్లలో స్పష్టమైన తగ్గుదల కనిపిస్తుంది, కొన్నిట్లో చాలా ఎక్కువ కాలం పడుతుంది. వానాకాలంలో ఊట అప్పటికప్పుడు పెరగడం ఆగిందా లేదా అన్నది ముందుగా తెలిసే గుర్తు. పెద్ద వాన పడిన రెండు మూడు రోజులకే ఊట ఇంకా ఎగబాకుతుంటే, కప్పులో ఎక్కడో చిల్లు ఉన్నట్టో, చుట్టూ ఉన్న కాలువ నీరు పాదం దగ్గర లోపలికి ఇంకుతున్నట్టో. ముందు ఆ కాలువనే తనిఖీ చేయండి.